పేరు తర్వాత చెప్పే మనిషి

రివర్‌మెన్ బేస్‌బాల్ జట్టు ప్రూయిట్‌ను వదులుకున్న సోమవారం, హోలీ ట్రినిటీ చర్చి నేలమాళిగలో బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి.

కిటికీ గట్టు మీది రేడియో ఆ వార్త చెప్పేసరికి ఎమిల్ స్టోఫ్కో రెండు చేతులూ మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. అతను కలపడం ఆపలేదు. బల్లకి అటు చివర దుంపలు చెక్కుతున్న లెన్నీ పావ్లిక్ మాత్రం ఆగిపోయాడు. అతని చేతిలోని దుంప నుంచి తొక్క సగం ఊడి వేలాడుతోంది.

"ఏమన్నాడు? వాడేమన్నాడు?"

"ప్రూయిట్‌ని వేరే జట్టుకి ఇచ్చేశారట," అంది వెర్నా, ఉల్లిపాయలు తరుగుతూ. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలకో ప్రూయిట్‌కో తెలియదు.

"చెయ్యి ఆగితే నోరు కూడా ఆగాలి," అంది డొలోరెస్ పొయ్యి దగ్గర్నుంచి. ఎనభయ్యో పడిలో ఉన్న ఆవిడే ఆ వంటింటికి పెద్ద. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మాంసం ముట్టని శుక్రవారాలకి ఊరంతా ఆ వంటింటి పిరోహీలు కొనుక్కుపోతుంది. దుంపల ముద్ద లోపల పెట్టి కజ్జికాయలా మడిచి అంచులు నొక్కి, ఉడికించి, వెన్నలో ఉల్లిపాయలతో వేయించి ఇస్తారు. ఇంకో రెండు రోజుల్లో విభూది బుధవారంతో ఆ కాలం మొదలవుతుంది. పెద్ద ఫ్రీజరేమో పోయిన వారమే చెడిపోయింది. ఇలాంటప్పుడు బేస్‌బాల్ కోసం చేతులు ఆపడం డొలోరెస్ దృష్టిలో పాపాల జాబితాలోదే.

లెన్నీ మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు గానీ, తొక్కతో పాటు సగం దుంప కూడా పోతోంది.

"పదకొండేళ్ళు! పదకొండేళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని మనవాళ్ళు విసిరిన ప్రతి బంతీ పట్టాడ్రా ఆ మనిషి!"

"అందుకే మోకాళ్ళు పోయాయి," అన్నాడు ఎమిల్.

"విన్నారా? విన్నారా వీడి మాట?"

"ముప్పయి నాలుగేళ్ళ క్యాచర్‌కి రెండేళ్ళ ఆట మిగిలి ఉంటే ఎక్కువ. ఇవాళ ఇస్తే ఏదో ఒకటి వస్తుంది. ఎల్లుండి ఇస్తే దండం పెట్టి పంపాలి."

"వచ్చిందెవడు మరి? కేలబ్ యార్నెల్ అట! బంతి విసిరే పిచర్, గడ్డం కూడా సరిగ్గా మొలవలేదు."

"ఎడమచేతి వాటం. ఇరవై రెండేళ్ళు. వాడూ, ఇంకొకడూ."

"ఆ ఇంకొకడెవడు?"

"పేరు తర్వాత చెబుతారు."

"అదీ! అదే నేననేది!" లెన్నీ దుంపని బకెట్లోకి విసిరాడు. నీళ్ళు వెర్నా బూట్ల మీద చిందాయి. "పెళ్ళయ్యాక పెళ్ళికొడుకు పేరు చెబుతామన్నట్టు!"

"ఆరు నెలల గడువు ఉంటుంది కదరా. అవతలి వాళ్ళ కుర్రాళ్ళని నింపాదిగా చూసి, మంచివాడిని ఎంచుకుంటారు. తెలివైన పద్ధతి." ఎమిల్ పిండిని బల్ల మీదకి తిప్పేసి అరచేతి మొదలుతో ముందుకి తోశాడు, మడిచాడు, మళ్ళీ తోశాడు. "బేరంలో చూడాల్సింది ఇచ్చిందేమిటి, వచ్చిందేమిటి. ఏడుపులు కాదు."

"పాపం, అతనికి ఎవరూ చెప్పనే లేదట," అంది వెర్నా, రేడియో వైపు చెవి పెట్టి. "కొట్లో పాలు కొంటుంటే గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి చెప్పిందట. 'అయ్యో, మీరు వెళ్ళిపోతున్నారటగా' అని."

"జీతం ఇస్తున్నారుగా. ఎవరు చెబితేనేం."

ఆ మాటకి లెన్నీ ఏదో అనబోయి డొలోరెస్ వంక చూశాడు. డొలోరెస్ కుండలోకి చూసింది. వెర్నా కూడా తలెత్తలేదు. తన వాదన గెలిచిందనుకున్నాడు ఎమిల్.

ఉడికిన దుంపల్ని మెదిపి, జున్ను కలిపి, చిన్న చిన్న ఉండలు చేసి పెట్టడంతో ఆ రోజు పని అయిపోయింది. ఎమిల్ పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి చేతులు కడుక్కున్నాడు. పిండి పరిచే యంత్రం పక్కనున్న స్టూలు మీంచి తన కోటు తీసుకుని తొడుక్కున్నాడు.

ఆ స్టూలు మీద ఎర్ర మెత్త ఉంటుంది. అది అతని భార్య సిసీలియాది. యంత్రంలోంచి వచ్చిన పిండి రేకుని ఎమిల్ డబ్బా అంచుతో గుండ్రంగా కోసి పక్కకి జరిపితే, మొదటి బిళ్ళ అందుకునేది ఆమె. అక్టోబరులో ఆమెను కొండ మీది శ్మశానంలో ఉంచి వచ్చాక, ఎమిల్ ఎప్పుడు వంటింటికొచ్చినా ముందుగా చేసేది కోటు విప్పి ఆ స్టూలు మీద పెట్టడమే. తలుపు పక్కనే కోట్లు తగిలించే కొక్కేలు వరసగా ఉన్నాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు. బిళ్ళల కోసం డొలోరెస్ ఆ కోటు మీదుగా నడుం వంచి చెయ్యి చాపుతుంది.

మంగళవారం పిండి బాగా కుదిరింది. లెన్నీ యంత్రం పిడి తిప్పుతుంటే ఎమిల్ ముద్దని రోలర్ల మధ్యకి అందించాడు. రేకు సన్నగా, ఎక్కడా చిరగకుండా జారింది. మధ్యాహ్నానికి ట్రేలన్నీ నిండాయి. చివరి ట్రే మీద పిండి చల్లి పక్కన పెట్టగానే లెన్నీ గరిటె తీసుకుని మూకుడు మీద టంగుమని కొట్టాడు. గరిటెనే మైకులా నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"శ్రోతలారా! ఇప్పుడే అందిన వార్త! హోలీ ట్రినిటీ జట్టు తమ సీనియర్ పిండి ఆటగాడు ఎమిల్ స్టోఫ్కోను వంతెన అవతలి సెయింట్ మేరీ జట్టుకి ఇచ్చేసింది! అందుకు బదులుగా వాళ్ళ పెద్ద ఫ్రీజర్లో సగం, దాంతో పాటు..." లెన్నీ గొంతు సాగదీశాడు. "పేరు తర్వాత చెప్పే ఒక మనిషి!"

అందరూ నవ్వారు. ఎమిల్ కూడా నవ్వాడు. నవ్వుతూ డబ్బా అంచుకి అంటిన పిండిని గోటితో గీకుతున్నాడు. నవ్వులు ఆగాయి. "ఏదో సరదాకిలే" అని ఎవరూ అనలేదు.

"నిజమేనా?" అన్నాడు.

డొలోరెస్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. "ఈస్టర్ దాకానే ఎమిల్. వాళ్ళ వాల్టర్ మంచు మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పిండి వత్తే దిక్కు లేదు వాళ్ళకి. మనకేమో ఫ్రీజర్ లేదు. యంత్రం అయితే లెన్నీ కూడా చూసుకోగలడు కదా. నీకు ఈ ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్‌లూ గీడ్‌లూ ఇష్టం కదా అని, ఇలా చెబుతానన్నాడు లెన్నీ..."

"ఎప్పుడనుకున్నారు?"

"ఆదివారం. పూజ అయ్యాక."

అంటే సోమవారం తను ప్రూయిట్ గురించి మాట్లాడుతున్నంతసేపూ వీళ్ళందరికీ తెలుసన్నమాట. ఎమిల్ తలూపాడు. చెక్క గీకుడు తీసుకుని రోలర్లకి అంటిన పిండిని పైనుంచి కిందికి నిదానంగా గీశాడు. అది లెన్నీ పని. లెన్నీ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. తర్వాత ఎమిల్ ఏప్రన్ విప్పి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. స్టూలు మీంచి కోటు తీశాడు. ఎర్ర మెత్త మధ్యలో నొక్కుకుపోయి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

"ఇచ్చిందీ వచ్చిందీ చూస్తే మంచి బేరమే," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మెట్లెక్కుతుంటే వెనకనుంచి లెన్నీ పిలిచాడు. "ఒరే ఎమిల్! ఒరే, ఆగరా!" ఆగలేదు. బయట మంచు కరిగి, వీధి పొడుగునా మురికి నీళ్ళు కాలవ కట్టాయి. బడి బస్సు నడిపిన రోజుల్లో ఆ వాలు మీద ఎక్కడెక్కడ బ్రేకు తొక్కాలో అతని కాలికి కంఠతా వచ్చు. ఇవాళ నడుస్తూ రెండుసార్లు జారాడు.

విభూది బుధవారం నాడు లెన్నీ సరిగ్గా ఎమిల్ వెనక బెంచీలోనే కూర్చున్నాడు. ఫాదర్ నుదుటి మీద బూడిదతో శిలువ గీసి, మన్నైనవాడివి మళ్ళీ మన్నే అవుతావని చెప్పాడు. ఎమిల్ లెన్నీకి ఎదురుపడకుండా అటువైపు గుమ్మం గుండా బయటికి వచ్చేశాడు.

ఇంట్లో టీవీ పెడితే ప్రూయిట్ కనిపించాడు. విమానాశ్రయంలో నలుగురైదుగురు మైకులు పట్టుకుని చుట్టూ మూగారు. కోపంగా ఉందా అని అడిగారు. లేదన్నాడు. ఈ ఊరు తనని బాగా చూసుకుందన్నాడు. మైదానంలో గడ్డి కోసేవాళ్ళకీ, బట్టలుతికే ఆమెకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. అంత పొడుగు మనిషి, భుజాన సంచీ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని ఎక్కడ దించాలా అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. దించుకోమని ఒక్కరూ అనలేదు. ఎమిల్ టీవీ కట్టేశాడు. నుదుటి మీది బూడిద రాత్రి దాకా కడుక్కోలేదు.

సెయింట్ మేరీ చర్చికి నీలం గుమ్మటాలు. నదికి ఇవతలి నుంచి డెబ్భై ఏళ్ళుగా వాటిని చూస్తూనే ఉన్నాడు గానీ, వాళ్ళ వంటింట్లో ఎమిల్ ఎప్పుడూ అడుగు పెట్టలేదు. గురువారం పొద్దున్నే వెళ్ళేసరికి ఒక పొడుగాటి మనిషి తలుపు తీసింది. జుట్టు నెరిసింది, చేతులు మోచేతుల దాకా పిండి. ఆవిడే ఒరెస్టా దూబిక్.

"ఎమిల్ మీరేనా? రండి. కాళ్ళు తుడుచుకోండి. వాల్టర్‌కి చెబితే ఒక్కసారి కూడా తుడుచుకోలేదు, చివరికి ఆ మంచుకే జారిపడ్డాడు."

లోపల పొడుగు బల్ల, చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, మూల కుర్చీలో దుంపలు మెదుపుతున్న ఒక ముసలాయన. ఎమిల్ చుట్టూ చూశాడు.

"యంత్రం ఎక్కడ?"

ఒరెస్టా పొడుగాటి అప్పడాల కర్ర ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇదీ, మీ భుజాలూ."

కోటు విప్పాడు. బల్ల చివర తనకి చూపించిన చోటు పక్కనే ఒక స్టూలు ఖాళీగా ఉంది. ఆలోచించకుండానే కోటు దాని మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

వాళ్ళ పిండిలో పుల్ల మీగడ కలుపుతారు. చేతికి మెత్తగా, బద్ధకంగా తగిలింది. కర్రతో వత్తితే పరుచుకున్నట్టే పరుచుకుని, కర్ర ఎత్తగానే లోపలికి ముడుచుకుపోయింది. ఎమిల్ ఇంకా గట్టిగా వత్తాడు. అది ఇంకా ముడుచుకుంది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"కొట్టినకొద్దీ మొండికేస్తుంది," అంది ఒరెస్టా. "తడిగుడ్డ కప్పి కాసేపు దాని మానాన వదిలెయ్యండి."

వదిలేశాడు. చేతులకి ఏం పని చెప్పాలో తెలియక బల్ల మీది పొడిపిండిని అరచేత్తో అటూ ఇటూ సర్దాడు. మూల కుర్చీ ముసలాయన దుంపలు మెదిపే కర్ర ఆపి తేరిపార చూశాడు. ఆయన పేరు స్టెఫాన్.

"అబ్బాయ్, నిన్నిచ్చినందుకు మీ వాళ్ళు ఏం తీసుకున్నారు?"

డెబ్భై ఏళ్ళ వయసులో తనని అబ్బాయ్ అన్న మనిషి వంక ఎమిల్ ఒకసారి చూశాడు. "మీ ఫ్రీజర్లో సగం. ఇంకా పేరు చెప్పని ఒక మనిషి."

"సగమా! వాల్టర్‌ని ఇచ్చినా మాకు ఐస్‌క్రీం డబ్బా కూడా రాదు." స్టెఫాన్ ఒరెస్టా వైపు తిరిగాడు. "మనం మోసపోయామేమో అమ్మాయ్. వీడి పిండి చూశావా, ఎలా ముడుచుకుందో?"

"మీరు ఊరుకోండి. యార్నెల్ లాంటి వాణ్ణి తెచ్చుకుని మురిసిపోయేవాళ్ళు బేరాల గురించి మాట్లాడకూడదు."

"ఎడమచేతి పిచర్ చెట్లకి కాస్తాడా? నువ్వేమో ఆ కుంటి గుర్రం కోసం సోమవారం నుంచీ ఏడుస్తున్నావు."

"కుంటి గుర్రమా? మా కుక్క పేరే ప్రూయిట్!" ఒరెస్టా బల్ల మీద చరిచింది. పొడిపిండి లేచింది. "తొమ్మిదేళ్ళుగా ఆ పేరుతో పిలిస్తే పలుకుతోంది. ఇప్పుడేం చెయ్యమంటారు? పేరు మార్చనా?"

"ఆరు నెలలు ఆగండి," అన్నాడు ఎమిల్. "తర్వాత చెప్పొచ్చు."

బల్ల చుట్టూ ఆడవాళ్ళు పకపకా నవ్వారు. స్టెఫాన్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఎమిల్ తడిగుడ్డ తీసి పిండి మీద వేలు పెట్టి చూశాడు. వత్తాడు. ఈసారి రేకు చెప్పినట్టు విని పరుచుకుంది.

గుండ్రంగా కోయడం మొదలుపెట్టాడు. అప్పుడు ఒరెస్టా చుట్టూ తిరిగి వచ్చి, స్టూలు మీది అతని కోటుని కాలరు పట్టుకుని ఎత్తింది.

"ఇది ఎవరిది?"

ఎమిల్ చెయ్యి ఆగింది. ఏదో చెప్పబోయాడు. ఈమెకి ఏం తెలుసు? సిసీలియా పేరు కూడా విని ఉండదు. చెప్పాలంటే అక్టోబరు నుంచి చెప్పాలి, ఎర్ర మెత్త నుంచి చెప్పాలి.

"నాదే," అన్నాడు.

"మేకు అక్కడుంది," అంటూ ఆవిడే తీసుకెళ్ళి గోడకి తగిలించింది. వచ్చి స్టూలు మీద కూర్చుంది, మోకాళ్ళు సర్దుకుంది, దుంపల ఉండ ఒకటి ఎడమచేతిలోకి తీసుకుంది, కుడిచెయ్యి అతని వైపు చాపింది. ఆ చెయ్యి గాల్లో ఆగి ఉంది.

ఎమిల్ బిళ్ళని ఆ చేతిలో పెట్టాడు.

ఆవిడ నొక్కు వేరు. సిసీలియా బొటనవేలూ చూపుడువేలూ మధ్య అంచుని చిదిమేది. ఈమె ఒక నొక్కు మీద ఇంకోటి మడుస్తూ జడలా అల్లుకుపోతోంది. కానీ మడత పూర్తికాగానే వచ్చే ఆ చిన్న 'ప్చ్' అన్న చప్పుడు అదే. ఎమిల్ తర్వాతి బిళ్ళ కోశాడు. చాపిన చెయ్యి సిద్ధంగా ఉంది. అక్టోబరు తర్వాత మొదటిసారి అతను కోసిన బిళ్ళ, మధ్యలో ఏ కోటూ దాటకుండా, నేరుగా ఇంకో చేతికి చేరింది. పని ఊపందుకుంది. యార్నెల్ గురించి స్టెఫాన్ ఏదో అంటూనే ఉన్నాడు. ఎమిల్ సగమే విన్నాడు.

శుక్రవారం సెయింట్ మేరీ హాల్లో జనం వీధి మలుపు దాకా బారులు తీరారు. నెయ్యిలా కరిగిన వెన్నా, ఉల్లిపాయలూ, తడి కోట్లూ కలిసిన వాసన. ఎమిల్ వెనక గదిలో మరిగే కుండ దగ్గరున్నాడు. పైకి తేలిన పిరోహీల్ని చిల్లుల గరిటెతో తీస్తుండగా పెరటి తలుపు తట్టినట్టయింది. లెన్నీ. చేతుల్లో గడ్డం దాకా పేర్చిన అట్టపెట్టెలు.

"ఫ్రీజర్లో మా సగానికి," అన్నాడు పెట్టెల వెనకనుంచి. మొహం కనిపించడం లేదు.

ఎమిల్ గరిటెని ఒకామె చేతికిచ్చి, పెట్టెలు సగం అందుకుని ఫ్రీజర్ గదిలోకి నడిచాడు. లోపలికి వెళ్ళాక ఇద్దరి నోళ్ళ నుంచీ పొగలొచ్చాయి. ఎమిల్ అరల మీద సర్దుతున్నాడు. లెన్నీ ఒక పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఆ బేరం నాదిరా. డొలోరెస్‌ని అనకు."

"ఎవర్నీ అనలేదు."

"అనవు. అదే నీతో వచ్చిన చావు. అన్నా బావుండును." లెన్నీ పెట్టెని ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. "నీ కోటు చూడలేకపోయాం. వెర్నా గోడ వైపు తిరిగి కూర్చుంటోంది, గమనించావా? డొలోరెస్ ఎప్పుడూ దాని మీదుగానే చెయ్యి చాపడం, ఎప్పుడూ దాన్ని తగలకుండా చాపడం. ఇంటికెళ్ళి ఏడుస్తోంది ఆవిడ. తీసెయ్యమని నీతో ఎవరు చెబుతారు? నేనా? నా వల్ల కాలేదు. ఇంతలో వీళ్ళకి మనిషి కావాలన్నారు. కొన్నాళ్ళు చోటు మారితే నీకే తేలికవుతుందనుకున్నాను. నవ్వులాటగా చెబితే ఇంకా తేలికనుకున్నాను. మూకుడు మీద గరిటె కొట్టాకగానీ తెలియలేదు, ఎంత వెధవపని చేశానో."

ఎమిల్ పెట్టె మీది మంచు పొడిని బొటనవేలితో తుడిచాడు.

"రద్దు చేసేద్దాం," అన్నాడు లెన్నీ. "ఫ్రీజర్ పోతే పోయింది. మా గ్యారేజీలో చిన్నదొకటుంది. ఇవాళే డొలోరెస్‌తో..."

"ట్రేడ్‌లో రద్దు ఉండదురా."

"మళ్ళీ మొదలెట్టాడు వీడు!"

"ఈస్టర్ దాకా ఉంటాను. వీళ్ళ పిండి ఇప్పుడిప్పుడే నా మాట వింటోంది." లెన్నీ చేతిలోని పెట్టె తీసుకుని పై అరలో పెట్టాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "ప్రూయిట్ సంగతి కూడా. అది మంచి బేరమే. ఇవాళా అదే అంటాను."

"నాకు తెలుసు నువ్వదే అంటావని."

"కానీ పాలు కొనే చోట తెలియకూడదు."

లెన్నీ తల దించుకున్నాడు. చలికి ముక్కు ఎర్రబడింది. చలికే అయి ఉండాలి. "కూడదు," అన్నాడు.

ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. ఎమిల్ తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు.

"కూర్చుంటున్నారా ఎవరైనా?"

ఎక్కడ అని లెన్నీ అడగలేదు. "లేదు. కోటు లేకపోయినా ఎవరూ కూర్చోలేదు. డొలోరెస్ ఇంకా దాని మీదుగానే చెయ్యి చాపుతోంది, కోటు ఉన్నట్టే."

"దానికి కిటికీ వైపు కాలు పొట్టిది. సిసీలియా అట్టముక్క మడతలు పెట్టి కింద దూర్చేది. ఈపాటికి జారిపోయి ఉంటుంది." ఎమిల్ పెట్టె మూతకున్న అట్ట చింపాడు, నాలుగు మడతలు పెట్టాడు, మందం చూసుకుని ఇంకో మడత పెట్టి లెన్నీ చొక్కా జేబులో ఉంచాడు. "ఇది పెట్టు. లేకపోతే కూర్చున్న మనిషి తూలుతుంది."

లెన్నీ జేబు మీద చెయ్యి పెట్టుకుని, మంచు బురదలోకి దిగి వెళ్ళిపోయాడు. వంతెన ఎక్కేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

శనివారం వంటింట్లో పని తక్కువ. వచ్చే వారానికి పిండి జల్లించి, ట్రేలు తోమి పెడుతున్నారు. వసంతకాలపు మొదటి సన్నాహక ఆట రేడియోలో వస్తోంది. ఎక్కడో ఎండ కాసే దక్షిణాన జరుగుతున్న ఆట. వ్యాఖ్యాత గొంతులోనే ఆ ఎండ ఉంది. రివర్‌మెన్ తరఫున మూడో ఇన్నింగ్స్‌లో యార్నెల్ బంతి అందుకున్నాడు. మొదటి ఇద్దరు బ్యాటర్లకీ గురి తప్పిన బంతులు విసిరి, ఊరికే మొదటి స్థావరానికి పంపేశాడు.

"ఇదిగో మీ బంగారుకొండ!" అంది ఒరెస్టా.

"కుర్రాడు, కంగారు పడ్డాడు. చూస్తూండు," అన్నాడు స్టెఫాన్.

"ప్రూయిట్ ఎదురుగా ఉంటే లేచి వెళ్ళి వాడి భుజం తట్టి వచ్చేవాడు. మీ లెక్కల్లో ఆ తట్టడం ఏ గడిలో వేస్తారు?"

"ఎమిల్, నువ్వు చెప్పు అబ్బాయ్! బేరం మంచిదా, కాదా?"

ఎమిల్ జల్లెడ తట్టాడు. "మంచిదే. కానీ ఒరెస్టా చెప్పిందీ నిజమే. దానికి గడి లేదు."

"రెండు పడవల మీద కాళ్ళు!" అన్నాడు స్టెఫాన్ విసుగ్గా. అంతలో యార్నెల్ మూడోవాణ్ణి మూడు బంతుల్లో బయటికి పంపాడు. స్టెఫాన్ కుర్చీ చేతుల్ని దబదబా చరిచాడు. ఒరెస్టా రేడియో వైపు పిండి చెయ్యి విసిరింది.

ఆట మధ్య విరామంలో ఆవిడ ఎమిల్ పక్కకి వచ్చింది. "మీ వాళ్ళకి మేమొక మనిషిని పంపాలి. గుడ్ ఫ్రైడే ముందు వారం వాళ్ళకి ఊపిరాడదని డొలోరెస్ మళ్ళీ కబురు చేసింది. ఆ వంటిల్లు మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. ఎవరు కావాలో మీరే చెప్పండి."

ఎమిల్ బల్ల చుట్టూ చూశాడు. కాత్యా నొక్కు గట్టిది, ఎంత ఉడికినా విడిపోదు, కానీ నోట మాట రాదు. అక్కడ ఆ స్టూలు మీద కూర్చునే మనిషి లెన్నీకి ఎదురు సమాధానం చెప్పకపోతే లెన్నీ ముదిరిపోతాడు. పారస్కా నోరున్న మనిషే, కానీ పని చేస్తూ కూనిరాగం తీస్తుంది. డొలోరెస్‌కి అది పడదు. పడదా? సిసీలియా కూడా తీసేది. డొలోరెస్ దానికీ విసుక్కునేది. విసుక్కుంటూనే, ఆమె ఆపితే తలెత్తి చూసేది.

పారస్కా ట్రే తుడుస్తూ ఏదో రాగం తీస్తోంది. ఎమిల్ వింటూ నిలబడ్డాడు.

"పంపాలనుకున్నాక, మీలో మీరు అనుకుని అక్కడ మూకుడు కొట్టకండి," అన్నాడు. "ముందు ఆ మనిషిని నేను అడుగుతాను. ఆ స్టూలు ఎవరిదో కూడా చెప్పాలి. ఒప్పుకున్నాకే పేరు."

"ఏ స్టూలు?" అంది ఒరెస్టా.

ఎమిల్ జల్లెడ పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, గోడ మేకుకి వేలాడుతున్న తన కోటు వంక చూశాడు. తర్వాత కూర్చోమన్నట్టు ఆవిడకి స్టూలు జరిపాడు. అక్టోబరు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. రేడియోలో ఆట మళ్ళీ మొదలైంది. స్టెఫాన్ ఎవరూ చెప్పకుండానే దాని గొంతు తగ్గించాడు.

యార్నెల్‌తో పాటు రావలసిన రెండో ఆటగాడి పేరు ఆ రోజుకీ జట్టు చెప్పలేదు. వంతెన అవతల అట్టముక్క పెట్టి నిలబెట్టిన స్టూలు ఖాళీగానే ఉంది. దాని మీద కూర్చోబోయే మనిషిని ఎమిల్ ఇంకా అడగలేదు.